ఊట దగ్గర స్వయంగా పట్టినది

నాలుగు సేర్ల నీళ్ళు ఒక చెంచాడు కావడానికి ఒక పగలంతా పడుతుంది. కుంపటి మీద ఇసుక పళ్ళెం, ఇసుక మీద పింగాణీ గిన్నె, గిన్నెలో నీళ్ళు. మరగకూడదు. మరిగితే చిందుతాయి, చిందిన బొట్టుతో పాటు మనం వెతికేది కూడా పోతుంది. ఆవిరి మాత్రమే రావాలి. గిన్నె సగానికి దిగినప్పుడల్లా సీసాలోంచి మరికొంచెం వంచాలి. బొగ్గు నలుసులు పడకుండా చూడాలి, ఈగలు పడకుండా చూడాలి, నిద్ర రాకుండా చూసుకోవాలి. మూడింటిలో మూడోదే కష్టం.

ఇరవై మూడో ఏట నేను చేసిన ఉద్యోగం ఇదే. పట్నంలో ఒక ప్రయోగశాలలో, నీళ్ళలోనూ సోడాలోనూ సారాలోనూ కంటికి కనిపించని లోహాలు ఎంతెంత ఉన్నాయో కొలిచే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే నీళ్ళు కాస్తున్నానని చెప్పేవాణ్ణి. మా అమ్మ అయితే ఆ మాట కూడా ఎవరికీ చెప్పేది కాదు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక నన్ను అరకు కొండల్లోకి పంపారు. అనంతగిరి ఘాటీ దాటి, లోపల ఒకచోట కొత్త రోడ్డు వేస్తున్నారు. రోడ్డు కూలీల క్యాంపులో కొందరికి కడుపులో మెలిపెట్టే నొప్పి పట్టుకుంది. ఇద్దరికైతే మణికట్టు పట్టు తప్పి చెయ్యి వేలాడిపోయింది. చూడడానికి వచ్చిన డాక్టరు ఇది సీసం వల్ల కావచ్చునని రాశాడు. క్యాంపు వాళ్ళు తాగేది పక్కనున్న గెడ్డ నీళ్ళు. ఆ గెడ్డ పుట్టేది పైన కొండవాలులో ఒక ఊట దగ్గర. ఆ ఊట మీద ముప్పై గడపల ఊరొకటి బతుకుతోంది. క్యాంపు గుమాస్తా ఒకసారి పైకి వెళ్ళి ఒక సీసా నిండా నీళ్ళు పట్టుకొచ్చి మాకు పంపించాడు. అందులో సీసం కనిపించింది. ఒక్క సీసా చాలదని, స్వయంగా వెళ్ళి, పద్ధతిగా పట్టి, అక్కడే కొలిచి చెప్పమని నాకు ఉత్తరువు.

నేను ఏం చెబితే ఏం జరుగుతుందో క్యాంపులో అడుగుపెట్టిన రోజునే రోడ్డు ఓవర్సీరు చెప్పేశాడు. ఊటలో సీసం ఉందని నేను రాస్తే ఊటను రాళ్ళతో పూడ్చేస్తారు. ఊరిని కిందికి దింపి, రోడ్డు పక్కన తవ్వించిన బావి దగ్గర గుడిసెలు వేయిస్తారు.

"మంచిదే కదయ్యా," అన్నాడు ఓవర్సీరు. "రోడ్డు పనికి మనుషులు దగ్గర్లో ఉంటారు. వాళ్ళకీ సుఖం, మనకీ సుఖం."

ఆయన మనిషి చెడ్డవాడు కాదు. సన్నగా, పసుపుపచ్చగా, ఎప్పుడూ పొట్ట పట్టుకుని తిరిగేవాడు. నన్ను సీసాల పంతులనేవాడు.

నా సరంజామా రెండు కావళ్ళకు వచ్చింది. అరల చెక్కపెట్టెలో పింగాణీ గిన్నెలు నాలుగు. పొడుగాటి గాజు గొట్టాలు పన్నెండు. గడ్డితో చుట్టిన పెద్ద గాజు బుడ్డిలో బట్టీ పట్టిన నీళ్ళు. నైట్రిక్ ఆసిడ్ చిన్న సీసా, అమోనియా సీసా, తాళం వేసిన డబ్బాలో సైనైడు. కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే సల్ఫైడు. కొలిచి కరిగించి తెచ్చిన సీసపు నీళ్ళు. గుడ్డ మూటలో క్వినైను. వీటితో పాటు ఆరు ఖాళీ సీసాలు: మూడు ఊటకు, రెండు గెడ్డ దారికి, ఒకటి క్యాంపు దగ్గరికి. అన్నింటి మీదా ముందే చీటీలు అంటించాను. చీటీ మీద మూడు గడులుంటాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు.

క్యాంపు నుంచి ఊరికి ఎక్కడం రెండు గంటల పని. నాకు మూడున్నర గంటలు పట్టింది. ఊరి పెద్దను నాయుడంటారు. ఆయన నాకోసం ముందే ఎదురుచూస్తున్నాడు. నేను వస్తున్నట్టు క్యాంపు నుంచి క్రితం రోజే కబురు వెళ్ళింది. నన్ను తీసుకెళ్ళి ఇంటి అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. నాయుడికి ఒక పెద్దక్క ఉంది. ఊళ్ళో అందరూ ఆమెను అప్ప అనే పిలుస్తారు. మోకాళ్ళు పట్టేసి వంగి నడిచే మనిషి, గొంతు మాత్రం వంగలేదు. ఆమె లోపల్నుంచి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. చెంబు బయట బంగారంలా, లోపల వెండిలా మెరుస్తోంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇంత కొండ మీద ఇంత శుభ్రమైన చెంబు చూసి నాకు ముచ్చటేసింది.

"ఊట ఎక్కడ?" అని అడిగాను.

నాయుడు ఇంటి వెనక పల్లం వైపు చెయ్యి చూపించాడు. వాలు నిటారుగా, పాచి పట్టి ఉంది. నా కాళ్ళు అప్పటికే వణుకుతున్నాయి.

"మీరు దిగడమేటి బాబూ, కాలు జారితే మాకు మాట. సీసాలు ఇలాగియ్యండి, మేం తెస్తాం," అన్నాడు.

క్యాంపుదీ గెడ్డవీ దారిలో నేనే నింపుకుని వచ్చాను. ఊటకని ఉంచిన మూడు సీసాలూ ఇచ్చాను. అవి ఇంటి వెనక్కి వెళ్ళి, చాలాసేపటికి నిండి తిరిగొచ్చాయి. మూతలు నేనే బిగించి, లక్క నేనే వేశాను. చీటీ మీద మూడో గడిలో 'ఊట దగ్గర స్వయంగా పట్టినది' అని రాశాను. అలా రాయడం అబద్ధమని నాకు అప్పుడు తోచలేదు. సీసాలు నావి, మూతలు నేను బిగించాను, ఊట ఆ పల్లంలోనే ఉంది. ప్రయోగశాలలో అందరం ఆ గడిలో ఆ మాటే రాసేవాళ్ళం. చెయ్యి దానంతట అదే రాసేసింది.

ఊరి చివర ధాన్యం పెట్టుకునే పాక ఒకటి ఖాళీ చేయించి ఇచ్చారు. ఏడు రోజులు అందులో కూర్చున్నాను. మొదటి రోజు ఖాళీ పరీక్ష చేశాను. అంటే పట్నం నుంచి తెచ్చిన బట్టీ నీళ్ళనే అదే గిన్నెలో, అదే కుంపటి మీద, అదే ఆసిడ్‌తో కాచి చూడడం. నా గిన్నెల్లోంచో మందుల్లోంచో సీసం వస్తే అందులో బయటపడుతుంది. రాలేదు. గొట్టం తెల్లగా ఉంది. నా పనిముట్లు శుభ్రమని రుజువైంది కాబట్టి ఇంక నా పనంతా శుభ్రమేనని ధైర్యం వచ్చింది.

తరువాత ఆరు రోజులు, ఆరు సీసాలు. చూడడానికి ఊరివాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకరోజు సోళ్ళ కంకులు కోసుకొస్తూ ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు.

"ఏటి సేత్తన్నాడే ఆ బాబు?"

"నీలు కాస్తన్నాడు."

"తానానికా?"

"కాదే, పొద్దుటేల నుంచీ అయ్యే. గిన్నె అడుగంటే దాకా కాసి, మల్లీ పోస్తన్నాడు."

"పాపం, వంట రాదు గావాల."

సాయంత్రానికి గిన్నె అడుగున చెంచాడు నీళ్ళు, కాస్త తెల్లటి మడ్డి మిగిలేవి. అందులో ఆసిడ్ చుక్కలు వేసి కరిగించి, బట్టీ నీళ్ళతో గొట్టంలోకి దించుతాను. అమోనియా వేస్తాను. సైనైడు వేస్తే రాగీ ఇనుమూ నోరు మూసుకుని ఒక మూల కూర్చుంటాయి. అప్పుడు సల్ఫైడు చుక్క. సీసం లేకపోతే ఏమీ కాదు. ఉంటే గొట్టం నీళ్ళ టీ రంగుకు తిరుగుతుంది. ఎంత ఉందో తెలియడానికి, తెలిసిన కొలత ప్రకారం సీసం కలిపిన గొట్టాలు పక్కన వరసగా నిలబెట్టి, కింద తెల్ల కాగితం పరిచి, పైనుంచి ఒంటికన్నుతో చూస్తూ రంగుకు రంగు జత కుదర్చాలి.

ఊట సీసాలు మూడూ రంగు తిరిగాయి. గెడ్డ సీసాలు రెండూ తిరగలేదు. క్యాంపు దగ్గర పట్టినదీ తిరగలేదు.

ఒక ప్రశ్న అక్కడే వేసుకోవలసింది. గెడ్డలో లేని సీసం గెడ్డ నీళ్ళు తాగేవాళ్ళ కడుపులోకి ఎలా పోయింది? నేను వేసుకోలేదు. దారిలో వేరే వాగులు కలిసి పలచనైపోయిందని నోటు పుస్తకంలో రాసుకున్నాను. నడుం నొప్పిగా ఉంది, కళ్ళు మండుతున్నాయి. మూడు ఊట సీసాలూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. గుమాస్తా పంపిన సీసాతో కూడా సరిపోయాయి. నిజం చెప్పాలంటే రంగు కనిపించినప్పుడు నాకు సంతోషమే కలిగింది. రంగు రాకపోతే మళ్ళీ చేయాలి. వస్తే ఇంటికి పోవచ్చు.

రిపోర్టు రాసి క్యాంపుకు పంపాను. మర్నాడే ఓవర్సీరు పని మొదలుపెట్టించాడు. కింది నుంచి వచ్చిన కూలీలు ఊటను ముట్టుకోం అన్నారు. అక్కడ పసుపు పూసిన రాయి ఉందిట. దాంతో ఊరివాళ్ళ చేతే వాళ్ళ ఊట పూడ్పించమని నాయుడికి ఆజ్ఞ వచ్చింది. రోజుకు పది మంది, కొండ మీది బండరాళ్ళు దొర్లించుకొచ్చి ఊటలో వేయాలి.

అదే రోజు నాకు మన్యం జ్వరం వచ్చింది. పాకలో వణుకుతూ ఎంతసేపు పడున్నానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి నాయుడి ఇంట్లో, పొయ్యి పక్కన ఉన్నాను. మీద రెండు దుప్పట్లు, కాళ్ళ దగ్గర అప్ప.

"లేచినావా?" అంది. అంతవరకూ మీరు అన్న మనిషి. "నీలు తాగు."

ఆనపబుర్రలోంచి అడ్డాకు డొప్పలో నీళ్ళు వంచి నోటి దగ్గర పెట్టింది. తాగాను. ఇంకా కావాలన్నాను. మూడో డొప్ప తాగుతుండగా మొదటి రోజు చెంబు గుర్తొచ్చింది.

"ఆ ఇత్తడి చెంబేదప్పా?"

"అది పరాయోలకి. మా ఇంట వొణికినోడివి, నీకింకా చెంబేటి?"

"మీరు అందులో తాగరా?"

"మాకెందుకది! సంతలో కొన్నాం. ఇల్లంతటికీ అదొకటే. ఆఫీసర్లొత్తారంటే ముందు రోజే సింతపండేసి తోమీసి, నిండా నీలు పోసి, నీడకి పెట్టీత్తాను. రేత్తిరల్లా ఉంటే సల్లగుంటాయి. మెరుపు తగ్గితే సంతకి అట్టుకెల్లి కళాయి ఏయించుకొత్తాడు మావోడు. బురల్లో నీలు పెద్దోలకి ఇయ్యొచ్చేటి?"

నేను లేచి కూర్చున్నాను. తల తిరిగింది.

"గుమాస్తా వచ్చినప్పుడు?"

"ఆ బాబుకీ అందులోయే. ఊటకాడికి ఆయనెక్కడ దిగుతాడు? సీసా అట్టి కూకున్నాడు, పోసీసినాను."

"నా సీసాలు?"

"నీయీ అందులోయే బాబూ. బిందెడు నీలు పట్టి, సెంబులో తేరబెట్టి, మల్లీ మల్లీ నింపి, మూడు సీసాలకీ సరిపెట్టినాను. బురతోటి పోత్తే ఏటనుకుంటావోనని."

కళాయి అంటే ఇత్తడి లోపల పూసే తగరపు పూత. వేసేవాడు స్వచ్ఛమైన తగరం వాడితే ఏ చిక్కూ లేదు. తగరం ఖరీదు. సంతల్లో తిరిగేవాడు అందులో సీసం కలుపుతాడు. మెరుపు ఇంకా బాగుంటుంది. కొండ ఊట నీళ్ళు మెత్తనివి, వాటిలో సున్నం ఉండదు. అలాంటి నీళ్ళు సీసాన్ని వాన నీళ్ళలాగే పట్టుకుంటాయి. పైగా చింతపండు పులుపు. ఇవన్నీ నాకు తెలుసు. పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఇంటి వెనక నుంచి దడ్, దడ్‌మని రాళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఊట మూసేస్తే నువ్వేం చేస్తావప్పా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"ఏటి సేత్తాను? ఆ రోడ్డు బాయి కాడికి దిగితే మరి ఎక్కను. అక్కడే కూకుంటాను," అంది, నిప్పు ఎగదోస్తూ.

ఆ మధ్యాహ్నం జ్వరం కాస్త జారగానే క్యాంపుకు దిగాను. ఓవర్సీరు గుడారంలో భోజనం ముందు కూర్చుని ఉన్నాడు. ముందు పులుసు, అన్నం. తినకుండా పొట్ట రాసుకుంటున్నాడు.

"ఏమిటయ్యా సీసాల పంతులూ, జ్వరం దిగిందా? మందు మింగావా, దాన్నీ కాచి చూస్తున్నావా?"

"ఊట పూడ్చడం మూడు రోజులు ఆపండి," అన్నాను.

"ఎందుకు?"

"ఇంకోసారి చూడాలి."

"మొదటిసారి కళ్ళు మూసుకుని చూశావా?" పెట్టెలోంచి నా రిపోర్టు తీశాడు. కళ్ళజోడు పైకి నెట్టి చదివాడు. "'ఊట దగ్గర స్వయంగా పట్టినది.' ఇది నీ రాతే కదా?"

"నా రాతే."

"మరి అబద్ధమా?"

అవునని ఒక్క మాట అంటే అక్కడితో సరిపోయేది. ఉద్యోగంలో నాకింకా ఏడాది నిండలేదు. ఒంటరిగా నా చేతికిచ్చిన మొదటి పని ఇది. ఆయన నా ముఖం చూసి కాగితం మడిచి లోపల పెట్టేశాడు.

"పైవాళ్ళు ఆపమంటే ఆపుతాను. నువ్వు చెబితే ఆపడానికి నాకు కారణం కావాలి కదయ్యా. వెళ్ళి పడుకో."

వస్తూ వస్తూ వంటపాక దగ్గర ఆగాను. క్యాంపు మొత్తానికి పులుసు కాచే గుండిగ అక్కడ పొయ్యి మీంచి దించి ఉంది. పెద్ద ఇత్తడి గుండిగ, పులుసు మట్టానికి పైన లోపలంతా అద్దంలా మెరుస్తోంది. వంటవాడు తనంతట తనే గొప్పగా చెప్పాడు, సంతకొచ్చే కళాయివాడి చేత నెలనెలా పూయిస్తున్నానని, చింతపండు పులుసు పొద్దున కాస్తే సాయంత్రం దాకా అందులోనే ఉంచినా కిలుం పట్టదని. అడిగి ఒక సీసాడు పులుసు తీసుకున్నాను. నేను ఆకలి మీదున్నాననుకుని రెండు గరిటెలు ఎక్కువే పోశాడు.

ఆసిడ్ మూడు పరీక్షలకు మాత్రమే మిగిలింది. వాటిని ఇలా పంచాను. ఒకటి ఊట నీళ్ళకు. ఒకటి చెంబులో నిలవ ఉంచిన నీళ్ళకు. మూడోది పులుసుకు.

ఊటకు ఈసారి నేనే దిగాను. రెండుచోట్ల జారి, మోచేయి గీరుకుంది. రాళ్ళు దొర్లిస్తున్న పది మందీ పని ఆపి నన్ను చూశారు. ఇంకా పూర్తిగా పూడలేదు. బండల సందులోంచి నీళ్ళు సన్నగా వస్తున్నాయి. సీసా మూతి వాటికే ఆనించి నింపాను. నిండడానికి చాలాసేపు పట్టింది. ఎక్కేటప్పుడు మాత్రం వెనక నుంచి ఒకడు నా నడుం పట్టుకుని పైకి తోశాడు.

తరువాతి మూడు రోజులు నాకు సరిగా గుర్తులేవు. పొద్దున జ్వరం ఉండదు, మధ్యాహ్నానికి వచ్చేది. వణుకు మొదలయ్యేలోపు గిన్నె సగానికి దిగాలి. చెయ్యి వణికితే చుక్క ఎక్కువ పడుతుంది. అందుకని అప్పను కుంపటి దగ్గర కూర్చోబెట్టి, బుడగ వస్తే నిప్పు తీసెయ్యమని చెప్పి, పడుకున్నాను. ప్రయోగశాలలో ఎవరికీ అప్పగించని పని అది. ఆమె నాకంటే బాగా చూసింది. ఒక్క బుడగ రానివ్వలేదు.

ఊట నీళ్ళకు రంగు రాలేదు. తెల్ల కాగితం మీద ఖాళీ పరీక్ష గొట్టం ఒకటి, ఈ గొట్టం ఒకటి పక్కపక్కన పెట్టి, ఏది ఏదో మరిచిపోయేదాకా చూశాను. తేడా లేదు. చెంబు నీళ్ళకు మళ్ళీ అదే టీ రంగు. పులుసులో పులుపూ ఉప్పూ నూనే ఉంటాయి కాబట్టి దాన్ని ముందు ఎండబెట్టి, మాడ్చి, బూడిద చేసి, ఆ బూడిదను ఆసిడ్‌లో కరిగించవలసి వచ్చింది. సల్ఫైడు చుక్క పడగానే నల్లబడింది. నా దగ్గరున్న ఏ గొట్టంతోనూ జత కుదరనంత నలుపు.

అప్పుడు రెండో రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. కొలతలు రాయడం సులువే. మిగతాది నాలుగుసార్లు చింపాను. మొదటిదానిలో అలసట వల్ల అని రాశాను. రెండోదానిలో ఊరి పెద్ద మాట నమ్మి అని రాశాను. మూడోదానిలో ప్రయోగశాల వాడుక ప్రకారం అని. ఈ మూడూ నిజాలే, కానీ ఏదీ కారణం కాదు. చివరికి ఇలా ఉంచాను: "ముందు పంపిన రిపోర్టులోని మూడు ఊట సీసాలు నేను ఊట దగ్గర పట్టలేదు. ఇంటి దగ్గర కళాయి చెంబులోంచి పోసినవి. స్వయంగా పట్టినదని నేను రాసిన మాట నిజం కాదు."

అది పట్టుకుని దిగాను. ఓవర్సీరు రెండుసార్లు చదివాడు.

"నీ ఉద్యోగం నువ్వే కాచుకు తాగావు కదయ్యా," అన్నాడు నవ్వుతూ. "ఆ ఒక్క ముక్కా కొట్టేసి, కొత్తగా పట్టాను, రాలేదు అని రాస్తే సరిపోదూ?"

"అప్పుడు మొదటి మూడు సీసాలకు రంగు ఎందుకొచ్చిందని అడుగుతారు. ఊటలో సీసం వస్తూ పోతూ ఉందనుకుంటారు. పూడ్చడమే మంచిదంటారు."

"అంటారు," అని ఒప్పుకున్నాడు.

నల్లబడిన గొట్టం తీసి బల్ల మీద పెట్టాను. ఏమిటన్నాడు. మీ పులుసు అన్నాను. నవ్వు ఆగిపోయింది. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. అటు చూస్తూ చూస్తూ, చెయ్యి దానంతట అదే పొట్ట మీదికి పోయింది.

"నేనూ ఆ గుండిగలోదే తింటాను," అన్నాడు. "అందులో సీసం ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలుసా?"

తెలియదన్నాను. ఆయన వంటవాణ్ణి కేకేసి, గుండిగ పక్కన పడేసి మట్టి కుండల్లో వండమన్నాడు. నా రిపోర్టు మీద తేదీ వేసి, కింద ఒక వాక్యం రాశాడు. ఊట పని ఆపడమైనది. కాగితం పైవాళ్ళకు పంపడానికి కట్టలో పెడుతూ, నా వైపు చూడకుండా, "పో. రాళ్ళు తీయించుకో," అన్నాడు.

పైకి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరింది. అందరూ ఊట దగ్గరే ఉన్నారు. నాలుగు రోజులు వేసిన రాళ్ళు పూట తిరగకుండా సగం బయటపడ్డాయి. ఒక్కో బండనూ ఇద్దరు మనుషులు అవలీలగా ఎత్తుతున్నారు. కింది బండలు ఒకదానికొకటి ఒరిగించి, మధ్య చెయ్యి పట్టే సందు వదిలి పేర్చి ఉన్నాయి.

"ఇంత బేగి ఎలా వస్తున్నాయి?" అని నాయుణ్ణి అడిగాను.

"ఏసినప్పుడే తీసీలాగ ఏసినాం బాబూ. ఆ ఓవర్సీరు బాబు రోడ్డుతో పాటు ముందుకెల్లిపోతాడు గదా. అప్పుడు తీసుకుందుం."

"నీళ్ళలో విషం ఉందని రాశాను కదా. నిజంగా ఉండుంటే?"

నాయుడు నా వైపు విచిత్రంగా చూశాడు.

"ఇసమా? ఇసమని మాకెవులు సెప్పినారు? రోడ్డు పనికి మేం దగ్గిర కావాల, అందుకు మూసేమంతన్నారు అనుకున్నాం."

నేను ఏడు రోజులు వాళ్ళ పాకలో కూర్చున్నాను. ఏం వెతుకుతున్నానో ఒక్కరికి కూడా చెప్పలేదు. ఎవరూ అడగలేదని అనుకున్నాను. తానానికా అని అడిగారు, విన్నాను, నవ్వుకున్నాను.

రాయి మీద కూర్చుని అప్పుడు చెప్పాను. సీసం అంటే ఏమిటో, చెంబు లోపలి మెరుపులో అది ఎలా ఉంటుందో, పులుపు పడితే ఎలా దిగుతుందో, చేతులు ఎలా పడిపోతాయో. చాలాసేపు పట్టింది. మధ్యలో రాళ్ళు ఎత్తేవాళ్ళు ఆగి వినేవారు. అందరికంటే శ్రద్ధగా విన్నది అప్ప. ఆమె ముఖం చిన్నబోయింది.

"అయితే ఇన్నాళ్ళూ ఇంటికొచ్చినోలకి నేను ఇసం పోసినానా?"

"ఒకటి రెండుసార్లు తాగితే ఏమీ కాదప్పా. నేను తాగలేదా?"

"నువ్వు బాగున్నావేటి?" అంది నా వైపు ఎగాదిగా చూసి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది.

చివరి బండ తీసేసరికి ఊట బుసబుసమని పొంగింది, కానీ నీళ్ళు ఎర్రగా, చిక్కటి బురద. తేరుకోవడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అంతవరకూ గెడ్డకు దిగాల్సిందే. బిందెలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు వాటిని తిరిగి చంకనెత్తుకున్నారు. అప్ప ఆ బురదను చూస్తూ నిలబడింది.

"మూసింది మేమే, తీసింది మేమే, బురద తాగేది మేమే," అంది. "నీదేటి పోయింది?"

బహుశా ఉద్యోగం పోతుందని చెప్పాను.

నీడ అప్పటికే ఎదటి కొండ నడుం దాకా ఎక్కింది.

"అయితే బేగి ఎల్లు," అంది. "పొద్దుగూకితే ఘాటీ దిగలేవు."